కొబ్బరికాయ ముందా, మట్ట ముందా?

పాఠకుల సైన్సు ప్రశ్నలకు విశాఖపట్నం నుంచి ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కింద పడే వస్తువుల గురించే ఉన్నాయి. అందుకని మిగతావన్నీ వచ్చే నెలకు ఉంచి, వీటినే తీసుకుంటున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది. అది పొడుగవాల్సిన ప్రశ్నే.

ప్రశ్న: బరువైనవీ తేలికైనవీ ఒకే వేగంతో పడతాయని మా సార్ చెప్పారు. మా మేడ మీద నుంచి, అంటే సుమారు 30 అడుగుల ఎత్తు నుంచి, క్రికెట్ బంతినీ అదే సైజు ప్లాస్టిక్ బంతినీ ఒకేసారి వదిలాను. నాలుగుసార్లు చేస్తే నాలుగుసార్లూ క్రికెట్ బంతే ముందు పడింది. సార్‌తో చెబితే "నువ్వు సరిగ్గా వదల్లేదు" అన్నారు. తప్పెవరిది?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, మర్రిపాలెం

జవాబు: బాబూ, నువ్వు సరిగ్గానే వదిలావు, సరిగ్గానే చూశావు. మీ సార్ చెప్పిందీ నిజమే. కాకపోతే ఆ వాక్యానికి ముందు "గాలి లేకపోతే" అనే మాట ఉండాలి. పుస్తకంలో ఆ మాట ఉంటుంది, చెప్పేటప్పుడు జారిపోతుంది. మీ మేడకీ నేలకీ మధ్య 30 అడుగుల గాలి ఉంది మరి.

నీ ఉత్తరం చదివి కాగితం తీసుకుని లెక్క వేశాను. 30 అడుగులంటే 9 మీటర్లు. గాలే లేకపోతే ఏ బంతయినా ఆ దూరం పడడానికి 1.36 సెకన్లు పడుతుంది. క్రికెట్ బంతి బరువు 160 గ్రాముల దగ్గర ఉంటుంది. నీ ప్లాస్టిక్ బంతి 25 గ్రాములనుకుందాం. గాలిని లెక్కలో కలిపితే క్రికెట్ బంతికి 1.37 సెకన్లు, ప్లాస్టిక్ బంతికి 1.45 సెకన్లు వచ్చాయి. తేడా సెకనులో పదో వంతు కూడా లేదు. కానీ ఆ కాస్త సమయంలోనే, క్రికెట్ బంతి నేలను కొట్టేసరికి ప్లాస్టిక్ బంతి ఇంకా నీ నడుమంత ఎత్తులో ఉంటుంది. నీ కంటికి దొరికింది ఆ రెండున్నర అడుగుల తేడాయే.

ఇప్పుడు ఇంకో వైపు నుంచి చూడు. క్రికెట్ బంతి ఆరు రెట్లకు పైగా బరువు. ఎంత బరువుంటే అంత వేగంగా పడుతుందని అరిస్టాటిల్ కాలం నుంచీ చెప్పుకునేవారు. అదే నిజమైతే, క్రికెట్ బంతి పడ్డాక నీ ప్లాస్టిక్ బంతి కోసం ఇంకో ఏడు సెకన్లు ఎదురుచూడాలి. ఈలోగా నువ్వు ఒక అంతస్తు మెట్లు దిగిపోవచ్చు. అలా జరగలేదు కదా! నువ్వు చూసిన తేడా చాలా చిన్నది. ఆ చిన్న తేడా గాలి వల్ల వచ్చింది. మిగతాదంతా రెండు బంతులూ కలిసే పడ్డాయి.

సరిగ్గా ఈ వాదనే గెలీలియో చేశాడు. 1638లో అచ్చయిన తన పుస్తకంలో, పెద్ద గుండు చిన్న గుండు కన్నా రెండు వేళ్ల మందం ముందు పడితే దాన్ని పట్టుకుని నన్ను తప్పంటారు, అరిస్టాటిల్ లెక్కలో ఉన్న తొంభై తొమ్మిది మూరల తప్పును మాత్రం ఆ రెండు వేళ్ల వెనక దాచేస్తారు అన్న అర్థంలో రాశాడు. ఆ చిన్న తేడా ఉందని ఆయన దాచలేదు చూడు. పీసా గోపురం మీద నుంచి గుండ్లు వదిలాడన్న కథ అందరికీ తెలుసు. అది ఆయన శిష్యుడు రాసిన జీవిత చరిత్రలోది, నిజంగా జరిగిందా అని చరిత్రకారులకు అనుమానం. గెలీలియో తన పుస్తకంలో వివరంగా చెప్పింది వాలు పలక మీద కంచు గోళీని దొర్లించడం గురించి. తిన్నగా పడేదాన్ని కొలిచే గడియారం అప్పట్లో లేదు. వాలు మీద దొర్లిస్తే పతనం నెమ్మదిస్తుంది, అప్పుడు నీటిధారతో కూడా కాలం కొలవచ్చు. ఎంత తెలివైన పనో కదా!

నీకు ఇంకా దగ్గరి చుట్టం ఒకాయన ఉన్నాడు. హాలండ్‌లో పనిచేసిన సైమన్ స్టెవిన్. 1586లో అచ్చయిన పుస్తకంలో తన ప్రయోగం రాశాడు. రెండు సీసపు గుండ్లు, ఒకటి రెండోదానికి పది రెట్లు బరువు. ఎత్తు ఎంతో తెలుసా? 30 అడుగులు, అచ్చం మీ మేడంత. కింద చెక్క పలక వేసి వదిలితే రెండు చప్పుళ్లూ ఒకటిగా వినిపించాయట. ఆయన చేసిన రెండు మంచి పనులు గమనించు. సీసం ఎంచుకున్నాడు, ఎందుకంటే సైజు చిన్న, బరువు ఎక్కువ, గాలి దాన్ని పెద్దగా ఆపలేదు. కన్నును వదిలి చెవిని నమ్ముకున్నాడు. నువ్వూ కింద ఒక పాత రేకు ముక్క వేసి వినిచూడు.

మరి బరువైనదాన్ని భూమి ఎక్కువగా లాగుతుంది కదా, అది ఎందుకు ముందు రాదు? దీనికి పెదజాలరిపేట ఒడ్డుకు పోదాం. వేట నుంచి వచ్చిన పడవను ఇసుకలో పైకి లాగడం నువ్వు చూసే ఉంటావు. పెద్ద పడవకు పదిమంది కావాలి, చిన్న తెప్పకు ఇద్దరు చాలు. పెద్ద పడవకు బలం ఎక్కువ పడుతోంది, కానీ అది మొరాయించేదీ ఎక్కువే. మనుషుల లెక్క సరిగ్గా సరిపోతే రెండూ ఒకే వేగంతో ఇసుక ఎక్కుతాయి. భూమి చేసేది ఇదే. ఆరు రెట్లు ద్రవ్యరాశి ఉన్న బంతిని ఆరు రెట్ల బలంతో లాగుతుంది, ఆ బంతి కదలడానికి ఆరు రెట్లు మొరాయిస్తుంది. రెండూ చెల్లుకు చెల్లు. అందుకే ఏ వస్తువుకైనా వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుంది.

గాలికి మాత్రం ఈ న్యాయం లేదు. అది బరువు చూడదు, ఎంత వెడల్పుగా అడ్డొచ్చావు, ఎంత వేగంగా వచ్చావు అనే చూస్తుంది. నీ రెండు బంతులూ ఒకే సైజు కాబట్టి ఒకే వేగంలో రెండింటినీ ఒకే బలంతో వెనక్కి నెడుతుంది. ఆ నెట్టుడు 160 గ్రాముల బంతికి లెక్కలోది కాదు, 25 గ్రాముల బంతికి పెద్ద భారమే.

ఇది నువ్వే తేల్చుకోవచ్చు. అలాంటి ప్లాస్టిక్ బంతే ఇంకొకటి తెచ్చి, చిన్న కన్నం పెట్టి, ఇసుక పోసి, కన్నానికి టేపు అంటించు. ఇప్పుడు క్రికెట్ బంతితో పాటు వదిలితే రేకు మీద చప్పుడు ఒక్కటే వస్తుంది. ఇంట్లో ఇంకో పని చేయి. స్టీలు కంచం మీద దానికన్నా చిన్న కాగితం ముక్క పెట్టి, కంచాన్ని మట్టసంగా పట్టుకుని పరుపు మీదకి వదిలెయ్యి. కంచం గాలిని తప్పిస్తుంది, కాగితం కంచాన్ని వదలకుండా దానితోపాటే వస్తుంది. నేను మొదటిసారి ఇది చేసినప్పుడు వరసగా పదిసార్లు వదిలాను, అంత ముచ్చటేసింది. మేడ మీద ప్రయోగం చేసేటప్పుడు మాత్రం కింద ఎవరూ రాకుండా మీ ఇంట్లో పెద్దవాళ్లను నిలబెట్టు.

అసలు గాలే లేని చోట చేసి చూపించినవాళ్లూ ఉన్నారు. 1971 ఆగస్టు 2న, అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక చేత్తో సుత్తినీ ఇంకో చేత్తో డేగ ఈకనూ వదిలాడు. సుత్తి 1.32 కిలోలు, ఈక 30 గ్రాములు. రెండూ ఒకేసారి చంద్రుడి దుమ్ములో పడ్డాయి. ఆ వీడియో దొరుకుతుంది, మీ సార్‌తో కలిసి చూడు.

నీకు ఇంత పొడుగ్గా రాయడానికి ఒక కారణం ఉంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంటర్ పరీక్ష పేపర్లో ఇదే ప్రశ్న ఇచ్చాను. ఒకమ్మాయి ఇలా రాసింది: "మా ఇంటి దగ్గర కొబ్బరి మట్ట కాయ కన్నా బరువు. అయినా కాయే ముందు పడుతుంది, మట్ట ఊగుతూ తరవాత పడుతుంది." నేను "రెండూ ఒకేసారి" అన్న జవాబు కోసం చూస్తున్నాను. ఎర్రసిరాతో కొట్టేసి సున్నా వేశాను. ఆ పిల్ల రాసిన రెండు వాక్యాల్లో మొత్తం పాఠం ఉంది. బరువు ఎక్కువున్నదే వెనకబడుతోందంటే పతనాన్ని తేల్చేది బరువొక్కటే కాదని, ఆకారమూ గాలీ ఉన్నాయని, తను కళ్లారా చూసి రాసింది. ఆ సంగతి నాకు తట్టేసరికి రెండేళ్లయింది, ఆ అమ్మాయి కాలేజీ వదిలి వెళ్లిపోయింది. ఇప్పటికీ మా వీధిలో మట్ట రాలిన చప్పుడైతే ఆ ఎర్రగీత గుర్తొస్తుంది. అందుకే చెబుతున్నాను, నాలుగుసార్లు చేసి చూసిన నీ ప్రయోగాన్ని ఎవరు కాదన్నా వదిలిపెట్టకు. అయిదోసారి ఇసుక బంతితో చెయ్యి, చేశాక నాకు రాయి.

ప్రశ్న: మేము అయిదో అంతస్తులో ఉంటాం. బాల్కనీ పిట్టగోడ మీద పూలకుండీలు పెట్టుకున్నాను. అసోసియేషన్ వాళ్లు తీసేయమంటున్నారు. చిన్న కుండీలేగా, పడినా ఏమవుతుంది అంటారు మావారు. మీరేమంటారు?
– గృహిణి, సీతమ్మధార

జవాబు: అమ్మా, ఈ ఉత్తరం చదవడం పూర్తయ్యేలోపే తీసేయండి. లెక్క తరవాత చూద్దురుగాని.

అయిదో అంతస్తు పిట్టగోడంటే తక్కువలో తక్కువ 15 మీటర్లు. అక్కడి నుంచి జారిన కుండీ 1.75 సెకన్లలో నేలకు వస్తుంది. అప్పటికి దాని వేగం గంటకు 60 కిలోమీటర్లు. బీచ్ రోడ్డులో జోరుగా పోయే మోటార్ సైకిల్ వేగం అది. పై జవాబులో గాలి గురించి అంత చెప్పాను కదా, ఇక్కడ గాలి మనకేమీ సాయం చేయదు. మూడు కిలోల కుండీకి ఇంత ఎత్తులో గాలి తగ్గించేది మహా అయితే గంటకు రెండు కిలోమీటర్లు. గులాబీకి పొద్దున్నే నీళ్లు పోశారంటే తడిమట్టితో బరువు ఇంకా పెరుగుతుంది.

1.75 సెకన్లంటే ఎంతో ఒకసారి నోటితో అని చూడండి. "అయ్యో, కుండీ పడుతోంది, తప్పుకోండి!" అనేలోపు అయిపోతుంది. కింద నడిచేవాళ్లు తల ఎత్తే వ్యవధి కూడా ఉండదు. పోనీ కింది అంతస్తు వాళ్లకు పరవాలేదా అంటే, 3 మీటర్ల నుంచి పడినా గంటకు 28 కిలోమీటర్ల వేగం ఉంటుంది. ఎత్తు నాలుగింతలైతేనే వేగం రెండింతలవుతుంది. దీన్నే తిరగేసి చూస్తే, ఎత్తు నాలుగో వంతుకు తగ్గినా వేగం సగమే తగ్గుతుంది. అందుకే మొదటి అంతస్తు కుండీ కూడా తలకు ప్రమాదమే.

మన ఊళ్లో గాలి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మేము లోపల గదిలో తలుపులేసుకుని కూర్చున్నాం. గాలి తగ్గాక కిందికి వెళ్తే, పార్కింగ్‌లో ఒక కారు పైకప్పు గిన్నెలా లోపలికి సొట్టపడి ఉంది. ఆ సొట్టలో పగిలిన తులసి కుండీ, వేళ్లతో సహా మొక్క. ఆ కుండీ ఎవరిదో చివరిదాకా తెలియలేదు. అది కారు కాబట్టి సరిపోయింది.

మొక్కలు పెంచుకోవద్దని నేననను. మా బాల్కనీలోనూ పన్నెండు కుండీలున్నాయి, అన్నీ నేల మీదే, గోడకి లోపలి వైపు. పిట్టగోడ మీదే ఎండ బాగా తగులుతుంది, నిజమే. అయితే గ్రిల్‌కి లోపలి వైపు ఇనప స్టాండు బిగించి, కుండీని తీగతో కట్టేయండి. మీవారు అన్నమాట గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను, ఆయనకు ఈ జవాబు చదివి వినిపించండి.

ప్రశ్న: రోజూ తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో నడుస్తాను. మొన్న వానలో తడుస్తూ ఒక అనుమానం వచ్చింది. మేఘాలు కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయంటారు. అంత ఎత్తు నుంచి పడే చినుకు తూటాలా దిగిపోవాలి కదా, ఒంటికి హాయిగా ఎలా తగులుతోంది?
– రిటైర్డ్ ఉద్యోగి, చినవాల్తేరు

జవాబు: మీ అనుమానం న్యాయమైనదండీ. గాలి లేకపోతే మీరన్నంత పనీ జరిగేది. రెండు కిలోమీటర్ల ఎత్తు నుంచి పడే చినుకు నేలకు వచ్చేసరికి గంటకు 700 కిలోమీటర్ల వేగం అందుకునేది. మనమూ ఉండేవాళ్లం కాదు, పంటలూ ఉండేవి కావు.

గాలి అడ్డుకోవడంలో ఒక కిటుకు ఉంది. వేగం పెరిగినకొద్దీ దాని పట్టు పెరుగుతుంది. వేగం రెండింతలైతే అడ్డు సుమారు నాలుగింతలవుతుంది. చినుకు పడుతూ పడుతూ వేగం పుంజుకుంటుంది, గాలి బిగుసుకుంటుంది. ఒకచోట గాలి నెట్టే బలం, చినుకు బరువు సమానమైపోతాయి. ఆపైన వేగం పెరగదు, అదే వేగంతో నేలదాకా దిగుతుంది. ఇంగ్లిషులో టెర్మినల్ వెలాసిటీ అంటారు, మన పాఠ్యపుస్తకాల్లో చరమ వేగం.

2 మిల్లీమీటర్ల మామూలు చినుకుకు ఈ వేగం గంటకు 23 కిలోమీటర్లు. మీ మీద పడిందీ బహుశా ఇదే. అర మిల్లీమీటరు తుంపరకు గంటకు 7 కిలోమీటర్లు, అంటే మీరు కాస్త వడిగా నడిచినంత. ఉరుములతో కురిసే 5 మిల్లీమీటర్ల పెద్ద చినుకుకు 32 దాకా ఉంటుంది, చెంప మీద చురుక్కుమనేది అదే. అంతకు మించి పెద్దదైతే గాలే దాన్ని చీల్చి చిన్న చినుకులు చేసేస్తుంది. ఇంకో సంగతి, బొమ్మల్లో గీసినట్టు చినుకుకు పైన మొన ఉండదు. చిన్నవి గుండ్రంగా ఉంటాయి. పెద్దవి గాలి ఒత్తిడికి అడుగు చదునై, బన్ను రొట్టెలా ఉంటాయి.

వడగళ్లకు మాత్రం దూరంగా ఉండండి. నీటి చినుకులా అవి చీలిపోవు. నిమ్మకాయంత వడగల్లు గంటకు 70 కిలోమీటర్ల పైమాటే.

ప్రశ్న: మా మామిడిచెట్టు కొమ్మ మీద నుంచి చీమ పడినా దెబ్బ తగలకుండా నడుచుకుంటూ పోతుంది. నేను మంచం మీద నుంచి పడినా ఏడుస్తాను. ఎందుకు?
– అయిదో తరగతి అమ్మాయి, భీమిలి

జవాబు: తల్లీ, చీమకు దాని ఒంటి సైజే గొడుగు. ఒక వస్తువును అన్ని వైపులా పదో వంతుకు కుదిస్తే దాని బరువు వెయ్యో వంతుకు పడిపోతుంది, కానీ గాలికి అడ్డొచ్చే వెడల్పు వందో వంతుకే తగ్గుతుంది. అంటే చిన్నదయ్యేకొద్దీ బరువు తొందరగా తగ్గిపోతుంది, గాలి పట్టు మాత్రం అంత తగ్గదు. అందుకే చీమ కొద్ది దూరం పడగానే దాని వేగం పెరగడం ఆగిపోతుంది. మామిడికొమ్మయినా మేడ కప్పయినా దానికి ఒకటే. నువ్వు మంచం మీద నుంచి పడేటప్పుడు గాలి నిన్ను పట్టించుకోదు.

ఈ విషయాన్ని ఎంతో చక్కగా వివరించిన శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. లోతైన గనిలో పడినా చిట్టెలుక కాస్త అదిరి లేచి వెళ్లిపోతుంది, మనిషికి అలా కుదరదు అన్నాడు. ఇంగ్లండులో పుట్టిన ఆయన 1957లో మన దేశానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాక, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. నువ్వు పెద్దయ్యాక ఆయన గురించి చదువు.

ప్రశ్న: భూమ్యాకర్షణ అన్ని ఊళ్లలో ఒకటి కాదట. అయితే ఇక్కడ తూచిన బంగారం ఢిల్లీలో ఎక్కువ తూగుతుందా?
– నగల వ్యాపారి, కురుపాం మార్కెట్

జవాబు: త్రాసును బట్టి ఉంటుందండీ. భూమి తిరగడం వల్లా, నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉండడం వల్లా భూమధ్యరేఖ దగ్గర ఆకర్షణ తక్కువ, ధ్రువాల వైపు పోయేకొద్దీ ఎక్కువ. మొదటి జవాబులో చెప్పిన 9.8 అన్న అంకె విశాఖలో 9.785, ఢిల్లీలో 9.791 అనుకోండి. రెండు తట్టల త్రాసులో ఒకవైపు బంగారం, ఇంకోవైపు రాళ్లు పెడతాం. ఆకర్షణ పెరిగితే రెండింటికీ పెరుగుతుంది, కాబట్టి తేడా రాదు. ఎలక్ట్రానిక్ త్రాసు తట్ట మీద పడే నొక్కుడును కొలుస్తుంది. విశాఖలో సరిచేసిన త్రాసునే మూటగట్టుకుని ఢిల్లీ తీసుకెళ్లి, 100 గ్రాముల బంగారం పెడితే సుమారు 60 మిల్లీగ్రాములు ఎక్కువ చూపిస్తుంది. బంగారం పెరగలేదు, కొలత మారింది. అందుకే మంచి త్రాసుల్ని వాడే ఊళ్లోనే ప్రామాణిక తూకపు రాయి పెట్టి సరిచేస్తారు. మీ త్రాసును ఇంకో ఊరి షాపుకు పంపేటట్టయితే అక్కడికి చేరాక మళ్లీ సరిచేయించి వాడండి.